కరెంటు పోయాక మిగిలిన సినిమా

దయ్యాలను నమ్మేవాడు టీవీ మెకానిక్ కాలేడు. వెనక మూత విప్పి వేల ఓల్టుల పక్కన వేలు పెట్టేవాడికి భయం ఉండాల్సింది కండెన్సర్ అంటే, కొరివిదయ్యం అంటే కాదు. నాకు డెబ్బై నాలుగేళ్లొచ్చినా ఒక్క తాయెత్తు కట్టించుకోలేదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి ముసలాయనకు మతి తప్పిందనే వాళ్లుంటారు. మా ఇంట్లోనే అన్నారు.

నేను ఆరో తరగతితో బడి మానేశాను. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మే పాత రేడియో పుస్తకాలు కొని, నిఘంటువు పక్కన పెట్టుకుని, ఇంగ్లీషూ ఎలక్ట్రానిక్సూ ఒకేసారి నేర్చుకున్నాను. డిప్లొమాల వాళ్లు చేతులెత్తేసిన సెట్లు నా దగ్గరికి వచ్చేవి. అబిడ్స్ వెనక గల్లీలో నా మల్గి ఇప్పటికీ తెరిచే ఉంది. ఆ ఒక్క గది దుకాణమే నా సంపాదన, నా చదువు, నా పరువు.

టీవీ కొత్తగా వచ్చిన రోజుల్లో ఆదివారం పూట పిల్లల కోసం చిన్న సినిమాలు వేసేవారు. టీవీ కోసమే తీసినవి, గంటకు మించవు. ఒక పిల్ల, ఒక గొడుగు, ఒక వాన. అంతే సినిమా. అయినా కళ్లార్పనిచ్చేవి కావు. ఇప్పుడు ఫోన్లలో వచ్చే గోలను కూడా పిల్లల సినిమా అంటుంటే ఒళ్లు మండుతుంది. రిపేరుకొచ్చిన సెట్టొకటి గడప మీద పెట్టి వీధివైపు తిప్పేవాణ్ణి. గల్లీ పిల్లలంతా నేల మీద కూర్చునేవారు. పెళ్లికాని కుర్రాణ్ణి, నేనూ వాళ్లలో ఒకణ్ణి.

ఒక ఆదివారం, బాతును పెంచుకునే పిల్ల కథ. మేనమామ ఆ బాతును పడవవాడికి అమ్మేస్తాడు. పిల్ల రేవుకు పరుగెత్తుకొస్తుంది. పడవ కదిలింది. సరిగ్గా అక్కడ కరెంటు పోయింది.

పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. నేను స్టూలెక్కి మిగతా కథ చెప్పాను. పిల్ల కాలి గజ్జె విప్పి ఎడమ చేత్తో మోగించింది. కుడి చేతిలో తెగిన చెప్పుంది. పడవలోని బాతుల గుంపులో ఒక్కటి తలెత్తి విని, నీళ్లలోకి దూకింది. అంతా అప్పటికప్పుడు అల్లిందే. కరెంటొచ్చేసరికి వార్తలు నడుస్తున్నాయి. అయినా ఆ రోజు ఒక్క పిల్లవాడూ ఏడుస్తూ ఇంటికి పోలేదు. నేను చేసిన రిపేర్లన్నిటిలో గొప్పది అదే.

మా అమ్మాయి సుజాత చిన్నప్పుడు ఈ కథ వింటూ అన్నం తిన్నది. ఇప్పుడు నాంపల్లిలో టీచరు. పోయిన ఏడాది ఆ సినిమా కోసం ఫోనంతా గాలించింది. ఎక్కడా లేదు. ఆ రోజు కూర్చున్న పిల్లల్లో ఒకడు యాదగిరి, అఫ్జల్‌గంజ్‌లో టైర్ల దుకాణం వాడు. వాణ్ణి అడిగితే, "ఏ సినిమా చెల్లె? మేం గాడికి పోయింది క్రికెట్ చూసేటందుకు" అన్నాడట.

"బాపూ, గా సినిమా లేకుండె. కథంత నువ్వే అల్లినవ్, ఇప్పుడు నిజమనుకుంటున్నవ్" అంది సుజాత. "కరెంటు తోని ఆడే పని నీది. ఇట్ల మర్శిపోతుంటే నాకు ఫికరైతది. మల్గి కిరాయికిచ్చి ఇంట్ల ఆరాంగ ఉండు."

నేను మర్చిపోయింది ఏమీ లేదు. అదే నా కోపం.

ఆ నెలలోనే ఒక చాయ్ హోటల్ ఓనరు చెక్కపెట్టె టీవీ తెచ్చాడు. "నడిపిచ్చుడు అక్కర్లేదు తాతా. జర పాలిష్ గొట్టు, హోటల్ల షోకు పెడ్త" అన్నాడు. "నడవని టీవీ నా గడప దాటదు. షోకు కావాలంటే పూలకుండీ పెట్టుకో" అన్నాను.

బాగైన సెట్టులో మొదట కనబడిన బొమ్మ ఏదో వెనక మూత లోపల పెన్సిల్‌తో రాయడం నా అలవాటు. ఈ మూత విప్పితే నా చేతిరాతే! "ఆదివారం. పిల్లల సినిమా. పడవ దాకా. కరెంటు పోయింది."

సుజాతకు చూపించాను. "పెన్సిల్ రాత గదా బాపూ, ఎప్పుడన్న రాయొచ్చు" అంది. కన్నకూతురు!

బాగుచేయడానికి పదకొండు రోజులు పట్టింది. చివరి రోజు మధ్యాహ్నం సుజాత టిఫిన్ డబ్బా తెచ్చి, మొబైల్ కవర్లమ్మే మనిషి సాయంత్రం మల్గి చూడ్డానికొస్తాడని చెప్పింది. నేను స్విచ్ నొక్కాను.

తెర మీద చీమల్లాంటి చుక్కలు రావాలి. ఆ సెట్టుకు అందే ప్రసారాలు ఆగిపోయి ఏళ్లయింది. యాంటెనా తీగ కూడా తగిలించలేదు.

చీమలు రాలేదు. నది వచ్చింది. శబ్దం లేదు. రేవులో పిల్ల, కదిలిన పడవ. పిల్ల వంగి గజ్జె విప్పింది. ఎడమ చేత్తో మోగించింది. కుడి చేతిలో తెగిన చెప్పు. పడవలో ఒక్క బాతు తలెత్తింది. అది నీళ్లను తాకగానే తెర నల్లబడి, నడుమ తెల్లచుక్క మిగిలి, అదీ పోయింది.

సుజాత స్టూలు తెర ముందుకు లాక్కుంది. టీచరు కదా, ఇద్దరం చూసింది ఒకటేనా అని పరీక్ష పెట్టింది. "తెగిన చెప్పు ఏ చేతిల ఉండె బాపూ?"

"కుడి చేతిలో."

"ఔ" అంది.

ఆ బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇద్దరం కలిసి వెతికాం. పక్క దుకాణాల్లో అడిగాం. ఆ గంటలో ఎవరూ ఏ బొమ్మా నడపలేదు. కేబుల్ తీగ గల్లీకి అవతలి వైపు పోతుంది. సెట్టును మళ్లీ మళ్లీ ఆన్ చేశాను. ప్రతిసారీ చీమలే.

సుజాత ఫోన్ తీసింది. "అన్నా, సాయంత్రం రాకుండ్రి. మా బాపు మల్గి ఇస్తలేడు." తర్వాత అల్లుడు విని, "ఇద్దరికీ ఒక్కటే డాక్టరు సాలు" అని నవ్వాడట. "మా బాపు యాది మీద ఇంకో మాటంటే బాగుండదు" అందట నా బిడ్డ.

నేను అల్లిన ముగింపు ఆ సినిమా తీసినవాళ్లకెలా తెలిసింది? లేక వాళ్లు తీసిందే నాకు ఆ రోజు స్టూలు మీద తోచిందా? తోచిందనుకున్నా, తీగ లేని సెట్టులోకి అది ఎలా వచ్చింది? పుస్తకాలన్నీ మళ్లీ తిరగేశాను. తెలియదు అనడం నాకు అలవాటు లేని మాట. ఈ ఒక్క సెట్టు గురించి అంటున్నాను, నా మల్గిలోనే కూర్చుని.