పిల్లికి నిద్ర

సిరిసిల్లలో మా పక్కింటామె మరమగ్గాలకు నూలు కండెలు చుట్టేది. ఏం చెప్పినా చివర 'గంతే' అనేది. భర్త పోయిన రోజు మేం వెళ్తే, "పొద్దుగాల లేపితె లేవలే. గంతే," అన్నది.

ఆమె పెంచిన రెండు పిల్లుల్లో ఒకటి చచ్చిపోయింది. రెండోది తిండి మానేసి, రెండూ పడుకునే గంప దగ్గరే కూర్చునేది. నాలుగో రోజు సాయంత్రం ఆమె దాన్ని కొంగులో చుట్టుకుని మా ఇంటికొచ్చింది.

"గీ రాత్రి మీ ఇంట్ల నిద్ర చేస్తది చెల్లె. జర జాగ ఇయ్యి."

చావు జరిగిన ఇంటివాళ్లను దగ్గరివాళ్లు పిలుచుకుపోయి, ఒక రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టడం మా దగ్గర ఆనవాయితీ. పిల్లికి చేయడం నేనెక్కడా చూడలేదు. అయినా నవ్వు రాలేదు.

పిల్లి మంచం కిందికి దూరి తెల్లారినా బయటికి రాలేదు. ఆమె వచ్చి నేల మీద బోర్లా పడుకుని, పాలలో ముంచిన వేళ్లు లోపలికి చాపింది. చాలాసేపటికి పిల్లి ఆ వేళ్లు నాకింది.

"బావ పోయినప్పుడు నువ్వెవరింట్ల నిద్ర చేసినవక్కా?" అని అడిగాను.

"ఎవ్వరు పిలువలే. గంతే."

మా రెండిళ్లకూ మధ్య ఒక్కటే గోడ.