తెల్ల గునుగు బతుకమ్మ

నా చిన్నప్పుడు మా అమ్మకు పట్టింది టీబీ అని మాకు మొదట చెప్పింది కోదాడ దవాఖానలో తెమడ పరీక్ష చేసే అక్క. ఆ వానాకాలమంతా అమ్మ దగ్గుతూనే ఉంది. మనిషి సగమైంది. మా నానమ్మ మొక్కని దేవుడు లేడు. చివరికి అమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని మునగాలలో బస్సెక్కింది.

అవి బతుకమ్మ రోజులు. మా వైపు తెల్లటి గునుగుపూల కొసలను రంగునీళ్ళలో ముంచి, ఆరబెట్టి, బతుకమ్మలో వరుసలుగా పేరుస్తారు. ఆ ఏడు రంగుపొట్లాలు తెచ్చే ఓపిక ఇంట్లో ఎవరికీ లేదు. నా ధ్యాసంతా ఆ రంగు మీదే. దవాఖానలో ఆ అక్క, అమ్మ తెమడ పూసిన చిన్న గాజుపలక మీద ఎర్రరంగు పోసి కడుగుతుంటే ఆగలేకపోయాను.

“అక్కా, గా నీళ్ళు పారబొయ్యకు. నాకియ్యి, గునుగుపూలకు అద్దుత.”

“వద్దు పిల్లా, నీ బతుకమ్మ దవాఖాన వాసనొస్తది!” అని పకపకా నవ్వింది అక్క. నవ్వుతూనే, “మీ బతుకమ్మను ఏడ ఇడుస్తరు?” అని అడిగింది.

“చెర్వుల.”

“మరి రంగు గూడ చెర్వులకే పోతది గదా. నీళ్ళల్లకు ఎండ దిగనియ్యదు. చేపలకు ఊపిరాడదు. బర్లు తాగేది గా నీళ్ళే.”

మేమైతే పూలను నీళ్ళలో వదిలి, దండం పెట్టుకుని వచ్చేసేవాళ్ళం. ఆ తర్వాత నీళ్ళకేమవుతుందో మా ఇంట్లో ఎవరమూ అనుకున్నది లేదు. అక్క మాత్రం కడిగిన నీళ్ళను మోరీలో పోయకుండా డబ్బాలో పట్టి, వెనకాల సిమెంటు గుంతలో పోసి మూత పెట్టింది.

వచ్చి పలకకు నీలంరంగు కూడా అద్ది, నన్ను స్టూలెక్కించి మైక్రోస్కోపులో చూడమంది. నీలంలో సన్నసన్నని ఎర్ర పుల్లలు!

“మీ అమ్మను దగ్గిచ్చేటియి గవే. ఎంత కడిగినా ఆ ఎరుపును ఇడువవు. గందుకే దొరికినయి. టీబీ ఇది.”

ఆ మాట వినగానే నానమ్మ ఏడుస్తూ అక్క చేయి పట్టుకుంది. “నా కోడలు బతుకుతదా బిడ్డా?”

“దొరికింది గదా అవ్వా, ఇగ మందుంది. నాగా పెట్టకుంటే మంచిగైతది. జర కండ్లు తుడుసుకో.”

ఆ ఏడు మా బతుకమ్మ తెల్ల గునుగుతో, తంగేడుపూలతోనే లేచింది. “ఇదేం బతుకమ్మనే, ఎండకు ఎలిసిందా?” అని వాడకట్టు ఆడవాళ్ళు ఆటపట్టించారు. నానమ్మ ఊరుకుంటుందా? “గౌరమ్మకు లేని బాధ మీకెందుకే!” అంది. అరుగు మీద కూర్చున్న అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వితే దగ్గొస్తుందని తెలిసీ నవ్వింది. మందు నాగా పెట్టకుండా మింగి, మరుసటి ఏడు మాతో పాటు బతుకమ్మ చుట్టూ తిరిగి చప్పట్లు కొట్టింది.

నేను బడికి పోలేదు. నాయన ఇంట్లో దిద్దించిన అక్షరాలే నా చదువు. కానీ చేతిలో ఉన్న వస్తువు నా చేయి దాటాక ఎవరి దగ్గరికి పోతుందో చూసుకోవడం ఆ అక్క దగ్గరే నేర్చుకున్నాను. గిన్నెలు కడిగిన నీళ్ళు పారబోసేటప్పుడు కూడా నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది.

అమ్మ నా పిల్లలను ఎత్తుకుంది, వాళ్ళ పెళ్ళిళ్ళూ చూసింది. దేవుడి దయ అంటాను. ఆ దయ ఎవరి చేతుల మీదుగా మా ఇంటికొచ్చిందో కూడా నాకు తెలుసు. ఆమె పేరు అడగాలని ఆ రోజు మాకెవరికీ తోచలేదు. మీరు సాయంత్రం దీపం వెలిగించేటప్పుడు, పేరు లేకపోయినా సరే, ఆ అక్కను ఒక్కసారి తలచుకోండి.