శిక్షణ గడిలో గీత

ఫారంలో పేరు, వయసు, సర్వీసు అన్నీ నింపాక "శిక్షణ ఇచ్చిన సంస్థ" అన్న గడి దగ్గర ఆమె పెన్ను ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న కొత్త ఆఫీసరు అది గమనించాడు.

"మీకు ట్రైనింగేం లేదుగా అమ్మా. గీత పెట్టేయండి, సంతకం చేసేస్తాను."

గీత పెట్టేయాలట! బస్సుల గ్యారేజీలో విడిభాగాల గదిని పదహారేళ్లుగా ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి ఆమె. అందరికీ స్టోరక్క. కాగితాల్లో మాత్రం ఇంకా హెల్పరే. పేరుకు మాత్రమే ఉన్న స్టోర్‌కీపరు రిటైరై ఆ ఉద్యోగం ఇన్నాళ్లకు ఖాళీ అయింది. వచ్చే శనివారంలోగా ఫారం పైకి వెళ్లాలి. కింద ఈ ఆఫీసరు సంతకం లేనిదే అది గడప దాటదు.

"ట్రైనింగ్ ఉంది సార్. మా అమ్మ దగ్గర."

ఆఫీసరు పకపకా నవ్వాడు. "ఇల్లు సర్దడం ట్రైనింగైతే మా ఆవిడకి డాక్టరేట్ ఇవ్వాలి!"

"ఇవ్వండి సార్, ఎవరొద్దన్నారు?" అని ఫారం మడిచి ఆమె బయటికి వచ్చేసింది. ఒళ్లు భగ్గుమంది.

ఇల్లు సర్దడమట! అమ్మ రోజంతా గుండీల ఫ్యాక్టరీలో నిలబడి వచ్చేది. ఇంటి పని ఏడేళ్ల పిల్ల నెత్తిన పడింది. అన్నయ్య వీధిలో బంతాట ఆడుకుంటుంటే, ఈ పిల్ల నేల మీద చతికిలబడి డబ్బాలు సర్దేది.

"రకాన్ని బట్టి కాదే, పనిని బట్టి పెట్టు" అనేది అమ్మ. చిరిగిన బట్టల డబ్బాలో సూది, దారం, గుండీలు, ఒక కత్తెర. కుళాయి కారితే తీసే డబ్బాలో వాషర్లు, రెంచి, టేపు, పాత గుడ్డ, ఇంకో కత్తెర. పుస్తకాలకు అట్టలేసే డబ్బాలో మూడోది. పక్కింటావిడ బుగ్గలు నొక్కుకుంది. "ఒక్క ఇంటికి మూడు కత్తెర్లేంటి వదినా?" అమ్మ తడుముకోకుండా చెప్పింది: "పని మధ్యలో కత్తెర కోసం ఇల్లంతా తిరిగే ఓపిక నాకు లేదు వదినా."

డబ్బాలో ఒక్క వస్తువు తక్కువైనా అమ్మ మొత్తం నేల మీద బోర్లించేది. మళ్లీ మొదటి నుంచి సర్దాలి. "అన్నయ్యకి చెప్పవేం?" అని పిల్ల ఏడిస్తే, "వాడికీ చెప్తాలే, ముందు నువ్వు కానియ్" అనేది. చెప్పిన పాపాన పోలేదు. ఆ కోపం ఆమెకు ఇప్పటికీ ఉంది. కానీ ఆ చదువు మాత్రం చేతుల్లో ఉండిపోయింది.

గ్యారేజీలోనూ అదే పద్ధతి. బ్రేకు పనికి ఒక ట్రే, అందులో లైనింగులు, రివెట్లు, స్ప్రింగులు, పిన్నులు. క్లచ్చుకు ఇంకోటి. మెకానిక్కు కిటికీ దగ్గరికొచ్చి పని పేరు చెబితే చాలు, ట్రే అతని చేతిలో ఉంటుంది.

ఇదంతా ఆఫీసరుకు సంతలా కనిపించింది. "ఒకే బోల్టు పదకొండు చోట్లా? ఎక్కడా చూడలేదు!" అన్నాడు. ఆ ఆదివారమే ఇద్దరు మనుషుల్ని పెట్టి ట్రేలన్నీ కుమ్మరించాడు. బోల్టులన్నీ ఒక చోట, స్ప్రింగులన్నీ ఒక చోట. సోమవారం తలుపు తీసిన స్టోరక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. పదహారేళ్ల కష్టం ఒక్క పూటలో మట్టిపాలైంది! అడగాలనైనా తోచలేదు ఆ మహానుభావుడికి.

ఇక మొదలయ్యాయి తిప్పలు. ఒక్క బ్రేకు పనికి తొమ్మిది అరలు తిరగాలి. కిటికీ ముందు గ్రీజు చేతులతో మెకానిక్కులు బారులు తీరారు. "ఏంటక్కా ఇది?" అంటే, "నన్నడక్కండి, నాకు ట్రైనింగ్ లేదట" అంది. మంగళవారం భోజనాల వేళ మాత్రం ఉండబట్టలేక బ్రేకు ట్రే ఒకటి తన పద్ధతిలో సర్ది బల్ల కింద పెట్టుకుంది. గురువారానికి పదకొండు బస్సులు షెడ్డులో మూలిగాయి.

శుక్రవారం గ్యారేజీ మేనేజరమ్మే స్వయంగా వచ్చింది. "ఒక బ్రేకు సెట్టు తియ్యండి, ఎక్కడ ఆలస్యమవుతుందో చూస్తాను" అంది. ఆఫీసరు జాబితా పట్టుకుని అరల మధ్య పరుగులు పెట్టాడు. ఆరో అర దగ్గర నిచ్చెనెక్కాడు. ఇక చూడలేక స్టోరక్క బల్ల కింది ట్రే లాగి ముందుకు తోసింది. పెద్ద మెకానిక్కు ఒక్కొక్కటీ సరిచూసుకుని, "అన్నీ ఉన్నాయి మేడమ్" అన్నాడు.

"ఇలా సర్దడం మీకు ఎవరు నేర్పారు?" అని మేనేజరమ్మ అడిగింది.

స్టోరక్క నోరు తెరిచేలోగా నిచ్చెన మీది నుంచే జవాబు వచ్చింది. "నేనే ట్రైనింగ్ ఇచ్చాను మేడమ్!"

ఎంత ధైర్యం! నోరు మూసుకుంటే అతని సంతకం పడుతుందనీ, ఉద్యోగం వస్తుందనీ ఆమెకు తెలుసు. ఒక్క క్షణం ఆశపడింది కూడా. అమ్మ పోయి నాలుగేళ్లు. ఫ్యాక్టరీలో ఆవిణ్ణి నంబరుతో పిలిచారు, ఇంట్లో "ఏమేవ్" అన్నారు. ఇప్పుడు ఆవిడ నేర్పిన పని మీద వీడు తన పేరు వేసుకుంటాడా?

"అబద్ధం మేడమ్" అంది.

సొరుగులోంచి ఫారం తీసి, నిలబడే రాసింది. సంస్థ: మా ఇల్లు. శిక్షకులు అన్న చోట అమ్మ పేరు, ఇంటిపేరుతో సహా. కాలం: ఏడో ఏటి నుంచి పెళ్లయ్యే వరకు.

మేనేజరమ్మ రెండుసార్లు చదివింది. నవ్వలేదు. నిచ్చెన దిగొచ్చిన ఆఫీసరు ముందు ఫారం పెట్టింది.

"ఇది సంస్థ కాదు కదా మేడమ్..." అని నసిగాడు.

"పై వివరాలు నిజమేనని సంతకం చెయ్యాలి మీరు. నిజమా, కాదా?"

అతను పెన్ను కోసం జేబులన్నీ తడుముకున్నాడు. దొరకలేదు. స్టోరక్క అటు చూడకుండానే బల్ల మీది ఫారాల డబ్బాలో చెయ్యి పెట్టి పెన్ను తీసింది.

"సంతకాల పని కాగితాల దగ్గరే ఉంటుంది కదా సార్. పెన్ను కూడా అక్కడే ఉండాలి."

అతను తల వంచుకుని, అమ్మ పేరు కింద సంతకం పెట్టాడు.