బాల్కనీలో కుట్టుమిషను

మా మూడో అంతస్తు దర్జీ ఆవిడకు చూపు అంతంతమాత్రం. నల్ల గుడ్డ మీద నల్ల దారం నడవాలంటే పగటి వెలుతురు కావాలి. అందుకే మిషను బాల్కనీలో వేసుకుంది. భర్త పోయాక ఆవిడకు మిగిలినవి ఆ ఫ్లాటూ, ఆ మిషనే. ఈ భవనంలో ఆవిడ చెయ్యి పడని పరదా లేదు, ఆవిడ పొట్టి చేయని ప్యాంటు లేదు.

అసోసియేషన్ సెక్రటరీగారికి మాత్రం ఆ మిషను కంట్లో నలుసయింది. వీధిలోంచి చూస్తే భవనం అందం చెడుతోందట. రోజుకింతని జరిమానా వేశాడు. అది హనుమంతుడి తోకలా పెరుగుతూ పోయింది. కట్టలేక, చీకటి గదిలో కుట్టలేక ఆవిడ లాయరు దగ్గరికి వెళ్లింది. జరిమానాకు చట్టంలో ఒక హద్దుందనీ, రోజులు లెక్కపెట్టి పెంచుకుంటూ పోకూడదనీ, వేసేముందు మనిషిని పిలిచి చెప్పేది వినాలనీ ఆయన చెప్పాడు.

విన్నాననే కోర్టులో వాదించాడు సెక్రటరీగారు. ఎక్కడ విన్నావని జడ్జిగారు అడిగారు.

"లిఫ్టులో ఎదురైందండి. అప్పుడే మాట్లాడేశాం."

కింది నుంచి మూడో అంతస్తు చేరేదాకా సాగిన విచారణ అది! జరిమానా మొత్తం కొట్టేశారు. మిషను ఉన్నచోటే ఉండొచ్చన్నారు.

ఆ నెల మెయింటెనెన్సు బిల్లులో అసోసియేషన్ లాయరు ఫీజును అన్ని ఫ్లాట్లకూ పంచారు. తన మీద వాదించినవాడి కూలిలో ఆవిడకూ వాటా వచ్చింది. కట్టేసింది. జనం మాత్రం మండిపడ్డారు. సెక్రటరీ మీద కాదు, అత్త మీది కోపం దుత్త మీద అన్నట్టు ఆవిడ మీద. బట్టలు రావడం ఆగిపోయింది.

వదినా అని పిలుచుకునే ఎదురింటావిడ కూడా గుడ్డల సంచీతో బయటి దర్జీ దగ్గరికి పోతూ మెట్ల మీద ఎదురుపడింది.

"నేనేం తప్పు చేశాను వదినా?"

"తప్పని కాదమ్మా. ఆ జరిమానా ఏదో నువ్వే కట్టేసుంటే మా అందరికీ ఈ ఖర్చు తప్పేది గదా."

ఇలాంటి మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. దర్జీ ఆవిడ మాత్రం ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.

మిషను కొన్నవాళ్లు దాన్ని దింపుతుంటే సెక్రటరీగారు పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

"అయ్యో, ఎందుకమ్మా అమ్మేశారు? బాల్కనీలో పెట్టుకుంటే ఇప్పుడెవరూ ఏమీ అనరు కదా" అన్నాడు.

వెటకారం కాదు. నిజంగానే జాలిపడ్డాడు.