సులేమానీలో పడ్డ నవాబు

2022లో నేను జెద్దాలో ఒక అక్వేరియం దుకాణంలో పనిచేసేవాణ్ణి. చేపలు అమ్మడం, ఇళ్లల్లో, షాపుల్లో ట్యాంకులు చూసుకోవడం నా పని. మాది జగిత్యాల. జెద్దా పాతబస్తీ బలద్‌లో అరబ్బుల పొడవాటి తెల్ల అంగీలు, అంటే తోబ్‌లు, కుట్టే మహబూబ్ భాయ్‌ది కడప. ఆయన కత్తిరింపు బల్ల మీద చిన్న గాజు ట్యాంకులో ఒక ఎర్రటి ఫైటర్ చేప ఉండేది. దాని పేరు నవాబు.

నవాబు ఆయనది కాదు. ఆయన రూమ్మేట్ యాకూబ్ గుండె ఆపరేషన్‌కని ఊరికి పోతూ అప్పగించిపోయాడు. "అమానత్ అబ్బయ్యా ఇది! వాడొచ్చేదాకా బతికించాల," అని నేను వెళ్లినప్పుడల్లా అనేవాడు భాయ్. అమానత్ అంటే నమ్మి దాచమని ఇచ్చిన సొత్తు.

ఆ ఎండాకాలం నవాబు రెక్కల అంచులు చివికిపోసాగాయి. దీన్ని ఫిన్ రాట్ అంటాం, రెక్కలకు పట్టే కుళ్లు. ఏసీ గాలి నేరుగా తగిలి నీళ్లు చల్లబడటమే ముఖ్య కారణం. హీటర్ పెట్టి, ఎండిన బాదం ఆకు వేద్దామన్నాను. ఆ ఆకులోని టానిన్లు నీళ్లకు రంగునిచ్చి, చెడు బ్యాక్టీరియాను కొంత అదుపులో పెడతాయి. టీకి వగరునిచ్చేవీ అవే అని కూడా చెప్పి, ఆకులు రేపు తెస్తానని వచ్చేశాను.

మనిషికి రేపటిదాకా ఆగబుద్ధి కాలేదు. పొద్దున్నే ఫోను. "అబ్బయ్యా, జల్దీ రా! నవాబు పక్కకు ఒరిగినాడు!"

పోయి చూస్తే ట్యాంకు ఘుమఘుమలాడుతోంది.

"ఏమేసిన్రు భాయ్ ఇండ్ల?"

"టీనే! పాలు లేవు, చక్కెర లేదు. సులేమానీ. రోంత నిమ్మకాయ, రెండు యాలక్కాయలు... బాగా ఆర్చి పోసినా."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. వాళ్లిళ్లల్లో పాలు లేని టీ అంటే సులేమానీయే. నిమ్మ, యాలకులు లేకుండా ఇస్తే వచ్చినవాళ్లను చిన్నబుచ్చినట్టు. పాపం, చేపకు కూడా మర్యాదలో లోటు చేయలేదు ఆయన! కానీ నిమ్మ పులుపు, టీలోని కెఫీన్ దాని ప్రాణం మీదికి తెచ్చాయి.

వెంటనే గోరువెచ్చని నీళ్లలో డీక్లోరినేటర్, అంటే క్లోరిన్‌ను విరిచే మందు, కలిపి నవాబును అందులోకి మార్చాను. మొప్పలు మాత్రం కదులుతున్నాయి. మా పనిలో ఒక అలవాటుండేది. చేప చస్తే యజమాని చూడకముందే అచ్చం అలాంటిదే తెచ్చి వేసేసేవాళ్లం.

"మా దుకాన్ల గిసొంటిదే ఇంకోటున్నది భాయ్. ఇది పోతే అది పెడ్దాం. యాకూబ్ భాయ్‌కేం ఎర్కైతది?"

ఆయన ముఖం ఎర్రబడింది. "అమానత్‌ను మారుస్తారా ఎవురన్నా? వానికి తెలీకపోతే నాకు తెలీదా?"

నేను తెచ్చిన హీటర్ బిగించే పనిలో పడ్డాను.

నవాబు చావలేదు. ఆ తర్వాత భాయ్ చేసిన సేవ చూసి తీరాల్సిందే. వీధిలో రాలిన బాదం ఆకులు తానే ఏరేవాడు. చెట్లకు మందు కొట్టారేమోనని ఊడ్చే బంగ్లాదేశీని హిందీలో పదేపదే అడిగి కనుక్కునేవాడు. ఆకు ముక్కలు నీళ్లలో చెదరకుండా, తోబ్ జేబులకు వేసే నూలు గుడ్డను గంజి పోయేదాకా ఉడకబెట్టి చిన్న సంచి కుట్టాడు. దానికి నాడా కూడా! ఏ కంపెనీ సరుకులోనూ అంత నీటైన కుట్టు నేను చూడలేదు. రోజూ కొన్ని నీళ్లు మార్చేవాడు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు ఎర్రటి నీళ్లు చూసి మురికనుకుని ముఖం చిట్లిస్తే, "వానికి బాగుండాది, చాలు," అనేవాడు. ఆకు ఒక్కటే నయం చేసిందని చెప్పను. వెచ్చదనం, మంచినీళ్లు, ఆయన ఓపిక అన్నీ కలిశాయి. చివికిన అంచుల్లో గాజులాంటి కొత్త పొర మొలిచి, మెల్లగా ఎరుపెక్కింది.

యాకూబ్ తిరిగి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. సన్నగా అయిపోయాడు. నవాబు రెక్కలు విప్పి తిరుగుతుంటే చూసి మురిసిపోతున్నాడు. చెప్పకపోతే ఆయనకు ఏమీ తెలిసేది కాదు. భాయ్ కత్తెర పక్కన పెట్టి, ఎదురుగా నిలబడ్డాడు.

"వాపస్ తీసుకునే ముందు ఒక మాట విను. నా చేతిలో ఒకసారి చావబోయినాడు వాడు. తప్పు నాదే."

యాకూబ్ చేపను, భాయ్‌నూ మార్చి మార్చి చూశాడు. "నేనూ ఆడ ఆపరేషన్ టేబుల్ మింద పోయి వచ్చినోన్నే లేరా," అన్నాడు. "ఇద్దరం బతికినాం గదా. ఇంగ చాయ్ చెప్పు."

భాయ్ కళ్లు తుడుచుకున్నాడు.

ఆ తర్వాత నేను ఏ ఇంట్లోనూ చచ్చిన చేప స్థానంలో ఇంకోటి వేయలేదు. చచ్చిందని యజమాని ముఖం మీద చెప్పడం కష్టమే. అయినా చెబుతున్నాను.