తాత చేతిలోని రిమోట్

ఈరోజు వనపర్తిలో ఒక షాపులో ప్లాస్టిక్ కవరు తొడిగిన రిమోట్ కనిపించింది. మీ ఇళ్లలోనూ అలాగే కవరు తొడిగి వాడేవాళ్లు కదా, గుర్తుందా? నాకు మాత్రం మా గద్వాల ఇల్లు, రోజంతా ఆగని మగ్గం చప్పుడు, కిటికీ పక్కన తాత మంచం గుర్తొచ్చి మనసు బరువెక్కింది.

జీవితమంతా చీరలు నేసిన తాతకు పక్షవాతం వచ్చి మాట, కుడిచెయ్యి పడిపోయాయి. టీవీకొకటి, డిష్ డబ్బాకొకటి రెండు రిమోట్లు ఆయన ఎడమచేత్తో పట్టుకోలేడని, రెండింటి పనీ చేసే రిమోట్ ఒకటి నాన్న కొనుక్కొచ్చాడు. పాత రిమోట్లను దానికి ఎదురుగా పెట్టి, ఒక్కో బటన్ నొక్కుతూ వాటి పని కొత్తదానికి నేర్పించాడు. కానీ అది కొన్నాళ్లకోసారి నేర్చుకున్నదంతా మరిచిపోయేది.

ఒక మధ్యాహ్నం అమ్మ చాయ్ తీసుకెళ్లేసరికి టీవీ ఆగిపోయి ఉంది. రిమోట్ ఎంత నొక్కినా రాకపోయేసరికి తాత ఎడమచేతిని మంచంపట్టెకేసి కొట్టుకుంటూ ఏడుస్తున్నాడు. అమ్మ పిలిస్తే నాన్న మగ్గం మీదినుంచి లేచి వచ్చాడు.

"ఈ చెయ్యి గూడ పడిపోయిందనుకుంటుండు," అంది అమ్మ.

నాన్న ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకున్నాడు. "నీ చెయ్యి మంచిగనే ఉంది నాయినా. రిమోటే మర్చిపోయింది. జర ఆగు, సూపిస్త."

మూత తీస్తే లోపల సెల్లు వదులుగా ఉన్నాయి. "ఇవి కదిలినప్పుడల్లా నేర్చింది పోతున్నట్టుంది," అంటూ నాన్న స్ప్రింగు సాగదీసి, రేకు కాగితం మడిచి పెట్టి, అన్ని బటన్లూ మళ్లీ నేర్పాడు. తాత నొక్కగానే టీవీ వచ్చింది.

ఆ తర్వాత రిమోట్ ఏదీ మరిచిపోలేదు. తాత మాత్రం బటన్ నొక్కే ముందు ప్రతిసారీ వేళ్లు ఒకసారి ఆడించి చూసుకునేవాడు.