వేడిగాలికి పోయిన గొంతు

మా రేడియో రిపేరు షాపులో ఇరవై రెండేళ్లు కాయిల్స్ చుట్టాను. ఒక్క చుట్టు అటూ ఇటూ అయినా స్టేషన్ పక్కకి జరిగిపోతుంది కాబట్టి, పైకి లెక్కపెట్టుకుంటూ చుట్టేదాన్ని. ఏ రేడియో వచ్చినా ముందు ఏరియల్ చూడాలి, తరువాత బ్యాటరీ. టంకం కరిగించడం అన్నిటికన్నా ఆఖరు. మా ఆయన ఈ వరస ఏనాడూ తప్పలేదు.

కిందటి నెల ఓ సోమవారం నా సెల్లులో సిగ్నల్ పోయింది. వినగడపలో ఉన్న మా అక్కకి చాన్నాళ్ల కిందటే పక్షవాతంతో మాట పడిపోయింది. అంతకు ముందు నాతో మాట్లాడిన కాల్స్ నలభై ఒకటి ఆ ఫోనులోనే రికార్డయి ఉన్నాయి. తారీఖు, నిమిషాలు, ఏం మాట్లాడిందీ పుస్తకంలో రాసుకున్నాను. ప్రతి ఆదివారం వెళ్లి ఒకటి వినిపిస్తే, తన గొంతు తనే విని నవ్వేది. వాటిని వేరేచోట దాచే పని రేపు మాపు అంటూ వాయిదా వేశాను.

బస్టాండు దగ్గర రిపేరు షాపతను ఫోను చూడగానే తేల్చేశాడు.

"నెట్‌వర్క్ చిప్పు పోయిందండి మామ్మగారూ. వేడిగాలి కొట్టి టంకం కరిగిస్తే పట్టుకుద్ది."

"ముందు ఏరియల్ చూడు బాబూ."

"ఏరియలా! పైకి లాగే పుల్ల కావాలేంటండీ? ఇప్పుడు రేడియో అంతా చిప్పులోనే ఉంటది."

"రేడియో ఉంటుంది. ఏరియల్ అందులో ఇమడదు, బయటే ఉంటుంది."

"మామ్మగారు నాకు క్లాసు పీకుతున్నారు," అని పక్క షాపుకి వినపడేలా నవ్వాడు.

చిప్పుని నేను తప్పుపట్టను. నేను చుట్టినవాటిలాంటి కాయిల్స్ వేలిగోరంత ముక్కలో గీసి పెట్టినవాళ్లకి దణ్ణం పెడతాను. కొలవకుండా కాల్చే చెయ్యంటేనే నాకు అసహ్యం. అతని మీటరు మీద దుమ్ము పేరుకుని ఉంది.

కాల్చాడు. ఫోను మళ్ళీ వెలగలేదు. బోర్డు అడిగి తీసుకుని, కళ్లద్దాలు సరిచేసుకుని చూశాను. ఏరియల్ తీగ చివరి గుండీ దాని గుంటలోంచి ఊడి లేచి ఉంది. గోటితో నొక్కితే సరిపోయేది.

"అయ్యో, చూళ్ళేదండి," అన్నాడు. ఆ నోటితోనే, "కొత్తది చూపించమంటారా?" అన్నాడు.

ఆదివారం షేర్ ఆటోలో వినగడప వెళ్లాను. అక్క బాగున్న చెయ్యి ఫోను కోసం చాపింది. నేను పుస్తకం తెరిచి, తారీఖు, నిమిషాలు, ఆమె అన్న మాటలు చదివాను. మూడో వాక్యానికి ముఖం గోడవైపు తిప్పుకుంది.

వరస తెలిసీ, ఆ ఫోను అతని చేతికిచ్చింది నేనే.